గుండుసూదికి గుండు పెట్టిందెవరు?

పరిశ్రమల చరిత్ర పుస్తకాల్లో పదే పదే కనిపించే పాత బొమ్మలు కొన్ని ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసినవి. పుట పైభాగంలో ఒక కార్ఖానా ఉంటుంది. పెద్ద కిటికీలు, శుభ్రమైన నేల, ఎవరి పనిలో వాళ్ళు తలవంచుకుని ఉన్న నలుగురైదుగురు మనుషులు. కింది భాగంలో ఆ పనికి వాడే పనిముట్లు వరసగా పేర్చి ఉంటాయి. ఉలి, సుత్తి, పట్టకారు, చక్రం, చక్రంలోని ఒక్కొక్క పన్నూ విడివిడిగా. ప్రతిదానికీ ఒక అంకె, ఆ అంకెకు వేరే పుటలో వివరణ.

ఇవి డిడెరో, దలాంబేర్ సంపాదకత్వంలో మొదలైన ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వం 'ఎన్‌సైక్లోపెడీ' లోని బొమ్మలు. 1751 నుంచి 1765 దాకా 17 సంపుటాల వ్యాసాలు, 1762 నుంచి 1772 దాకా 11 సంపుటాల బొమ్మలు వచ్చాయి. రెండున్నర వేలకు పైగా ఉన్న ఈ ప్లేట్లలో చాలా భాగం చేతివృత్తులకు, పరిశ్రమలకు సంబంధించినవే.

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. యంత్రాల చరిత్ర నా రంగం కాదు. రచనల్లో శ్రమను ఎలా వర్ణిస్తారు అన్న విషయం మీద పనిచేస్తూ ఈ బొమ్మల దగ్గరకు వచ్చాను. కథనీ నవలనీ ఎలా చదువుతామో బొమ్మని కూడా అలాగే చదవచ్చు. ఎవరిని మధ్యలో నిలబెట్టారు, ఎవరిని మూలకు నెట్టారు, ఎవరికి పేరు పెట్టారు, ఎవరిని పేరు లేకుండా వదిలేశారు అని అడగవచ్చు. ఆ ప్రశ్నలు వేసుకుంటూ చూస్తే ఈ బొమ్మలు స్త్రీల శ్రమ గురించి రెండు పరస్పర విరుద్ధమైన సంగతులు చెప్పాయి. రాత దాచినదాన్ని బొమ్మ బయటపెట్టింది. బయటపెడుతూనే ఇంకొకదాన్ని దాచింది.

ముందు ఈ బొమ్మలు ఎలా తయారయ్యాయో చూద్దాం. డిడెరో తండ్రి లాంగ్ర్ అనే ఊళ్ళో కత్తులు చేసే పనివాడు. చేతిపనిని పండితులు చిన్నచూపు చూడటం డిడెరోకి గిట్టదు. 1750లో వెలువరించిన ప్రకటన పత్రంలో తాము కార్ఖానాలకు వెళ్ళి, పనివాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకున్నామని చెప్పాడు. వెయ్యిమందిలో పన్నెండుమంది కూడా తమ పనిముట్ల గురించీ తాము తయారుచేసే వస్తువుల గురించీ స్పష్టంగా చెప్పగలవాళ్ళు దొరకలేదని వాపోయాడు కూడా. మాటల్లో చెప్పలేనిదాన్ని బొమ్మలో చూపిద్దాం అన్న ఆలోచన అక్కడిదే. లూయీ జాక్ గూసియే అనే చిత్రకారుడు ఊరూరా తిరిగి కాగితపు మిల్లుల్లో, లంగరు కొలుముల్లో కూర్చుని గీశాడు. ఒక్క అతని చేతి మీదుగానే 900కు పైగా ప్లేట్లు వచ్చాయి. 1759లో రాజు ఈ గ్రంథానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేశాడు. అదే ఏడాది బొమ్మల సంపుటాలకు మాత్రం కొత్తగా అనుమతి దొరికింది. దేవుడి గురించీ రాజ్యం గురించీ రాసిన వ్యాసాలకు భయపడ్డ ప్రభుత్వానికి సుత్తులూ పట్టకార్లూ ప్రమాదకరంగా అనిపించలేదు.

ఇప్పుడు బొమ్మల్లోకి వెళ్దాం. పక్షి ఈకలతో టోపీలకు కుచ్చులు చేసే వృత్తి ఒకటుంది. ప్లేటు మీద ఆ పనివాడి పేరు పుంలింగంలో ఉంది, 'ప్లుమాసియే' అని. బట్టతో, కాగితంతో పూలు చేసే వృత్తికి పెట్టిన పేరు కూడా పుంలింగమే. కానీ పైనున్న దృశ్యంలో బల్లల చుట్టూ కూర్చుని ఈకలు సరిచేస్తున్నదీ, పూరేకులు కత్తిరిస్తున్నదీ స్త్రీలు. విసనకర్రల తయారీ ప్లేట్లలోనూ అంతే. కాగితాలు అతికించేదీ, రంగులు వేసేదీ, మడతలు పెట్టేదీ వాళ్ళే. పేరు ఒకరిది, పని ఇంకొకరిది. ఇది మనకు కొత్తేమీ కాదు. 'రైతు' అనగానే తలపాగా, మీసాలే కళ్ళముందు కదులుతాయి గాని నాట్లు వేసే వంగిన నడుములు కదలవు.

దీనికి కారణం ఉంది. అప్పటి పారిస్‌లో వృత్తులన్నీ గిల్డుల చేతుల్లో ఉండేవి. గిల్డులో సభ్యత్వం, 'మాస్టర్' అన్న హోదా చాలావరకు మగవాళ్ళకే. స్త్రీలు భార్యలుగా, కూతుళ్ళుగా, కూలికి వచ్చినవాళ్ళుగా పనిచేసేవారు. భర్త పోతే భార్య కార్ఖానాను నడపవచ్చు, అదీ అతని విధవగానే. దీనికి ఎదురు నిలిచిన ఉదాహరణలు లేకపోలేదు. 1675లో పారిస్ కుట్టుపని స్త్రీలు తమకంటూ ఒక గిల్డు సాధించుకున్నారు. వాళ్ళ చరిత్రను క్లేర్ క్రౌస్టన్ 2001లో పుస్తకంగా రాసింది. కానీ అటువంటివి తక్కువ. వృత్తి పేరు గిల్డు దస్తావేజుల్లోంచి వచ్చింది, దృశ్యం కార్ఖానాలోంచి వచ్చింది. చిత్రకారుడు బల్ల దగ్గర ఉన్నవాళ్ళను గీశాడు. అందులో సగంమంది స్త్రీలైతే వాళ్ళూ బొమ్మలోకి వచ్చేశారు.

జెరాల్డీన్ షెరిడన్ అనే చరిత్రకారిణి 2009లో వెలువరించిన పుస్తకంలో ఇటువంటి బొమ్మలన్నిటినీ ఒకచోట చేర్చింది. ఎన్‌సైక్లోపెడీ నుంచీ, ఫ్రెంచి సైన్సు అకాడమీ 1761 నుంచి వెలువరించిన వృత్తుల వర్ణనల నుంచీ స్త్రీలు పనిచేస్తున్న దృశ్యాలను ఏరి, వ్యాసాలు పట్టించుకోని శ్రమను ప్లేట్లు ఎంతగా నమోదు చేశాయో చూపించింది. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు మనం నేర్చుకున్న పాఠం కూడా ఇదే. కాగితాల్లో లేనంత మాత్రాన స్త్రీలు చరిత్రలో లేనట్టు కాదు. వెతకాల్సిన చోటు వేరు. అక్కడ జ్ఞాపకాల్లో వెతికారు, ఇక్కడ బొమ్మల్లో వెతకాలి.

అంతవరకు సంతోషమే. కానీ ఈ బొమ్మలు చూసినకొద్దీ వాటి ప్రశాంతత నన్ను ఇబ్బంది పెట్టింది.

కాగితం తయారీ ప్లేట్లు చూడండి. గూసియే మొంతార్జి దగ్గరున్న లాంగ్లే మిల్లుకు వెళ్ళి గీసినవి. అప్పట్లో కాగితం చెట్ల గుజ్జుతో కాదు, పాత నారబట్టల పీలికలతో చేసేవారు. ఊరందరి మాసిన, చినిగిన బట్టలు మిల్లుకు వస్తే వాటిని విడదీసి, కుట్లు విప్పి, బొత్తాలు తీసేసి, నాణ్యాన్ని బట్టి వేరుచేసే పని స్త్రీలది. బొమ్మలో వాళ్ళు బల్లల మీద వరసగా కూర్చుని ఉంటారు. వాళ్ళ ముందు నిలబెట్టి బిగించిన కత్తులు. గదిలో వెలుతురు ధారాళంగా పడుతూ ఉంటుంది. దుమ్ము లేదు, మురుగు వాసన లేదు, దగ్గు లేదు. దుమ్మును బొమ్మలో చూపించలేం గదా అని అనుకోవచ్చు. కానీ అప్పటికి ఆ సంగతి ఎవరికీ తెలియదని మాత్రం అనుకోనక్కరలేదు. ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లోనే పనివాళ్ళ జబ్బుల మీద పుస్తకం రాశాడు. నారలు ఏకేవాళ్ళ దగ్గు గురించీ, బట్టలు ఉతికే స్త్రీల గురించీ, మంత్రసానుల గురించీ, పాలిచ్చే దాదుల గురించీ అందులో వేరు వేరు అధ్యాయాలున్నాయి. నాలుగు వేలకు పైగా ప్రతులు అచ్చయిన ఎన్‌సైక్లోపెడీ మొత్తం అటువంటి స్త్రీలు ఏరిన పీలికల నుంచి పుట్టిన కాగితం మీదే ముద్రించారు.

పట్టు ప్లేట్లలో ఒక స్త్రీ వేడినీళ్ళ బాన ముందు కూర్చుని పట్టుకాయల నుంచి పోగు తీస్తుంటుంది. ఇంకొకరు చక్రం తిప్పుతుంటారు. బానను, పొయ్యిని, చక్రాన్ని, దాని పళ్ళను కొలతలతో సహా గీశారు. కాలిన వేళ్ళు ముంచుకోవడానికి పక్కన చన్నీళ్ళ గిన్నె పెట్టుకోవడం పట్టు తీసే స్త్రీల పాత అలవాటు. యంత్రానికి కొలతలున్నాయి గాని ఆ బొబ్బలకు అంకె లేదు.

ఈ ప్రశాంతత ఎంతదూరం పోగలదో తెలియాలంటే చక్కెర, నీలిమందు, పత్తి ప్లేట్లు చూడాలి. ఇవి 1762లో వచ్చిన మొదటి బొమ్మల సంపుటంలో ఉన్నాయి. కరీబియన్ దీవుల తోటలు, తొట్లు, గానుగలు. వాటి దగ్గర పనిచేసేది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. బొమ్మలో వాళ్ళు చిన్న చిన్న ఆకారాలు, వాళ్ళ పని చుట్టూ అంతా క్రమపద్ధతి. ఇదే గ్రంథంలో 1765లో జోకూర్ అనే రచయిత బానిస వ్యాపారాన్ని తీవ్రంగా ఖండిస్తూ వ్యాసం రాశాడు. ఈ విషయంలో మాత్రం రాత నోరు విప్పింది, బొమ్మ మౌనంగా ఉండిపోయింది. కాబట్టి బొమ్మ ఎప్పుడూ రాతకన్నా నిజాయితీగా ఉంటుందని చెప్పడానికి లేదు. ఏది ఎప్పుడు ఎవరిని దాస్తుందో విడివిడిగా చూసుకోవలసిందే.

ఈ బొమ్మల మీద రొలాఁ బార్త్ 1964లో రాసిన వ్యాసం సాహిత్య విద్యార్థులకు తెలిసే ఉంటుంది. శరీరం నుంచి వేరై పనిచుట్టూ కదులుతూ ఉండే చేతుల గురించి అతను అందులో ప్రస్తావించాడు. నిజమే, చాలా ప్లేట్లలో మణికట్టు దగ్గర ఆగిపోయిన చేతులు కనిపిస్తాయి. ఆ చేతులు ఎవరివి అన్న ప్రశ్న మనం వేసుకోవాలి. నన్ను అంతకన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది ప్లేటులోని కింది భాగం.

కింది భాగం అంటే పనిముట్ల జాబితా. ఒక వృత్తికి ఎన్ని పనిముట్లుంటే అంత ఘనంగా కనిపిస్తుంది. గడియారాలు చేసేవాడికి పుటలు పుటలు కావాలి. పీలికలు ఏరే స్త్రీకి? ఒక కత్తి. నూలు వడికే స్త్రీకి? ఒక కదురు, ఒక రాట్నం. ఇక ఆమె నేర్పంతా ఎక్కడుంది? వేలికొసల్లో. నారబట్ట మెత్తదనాన్ని తడిమి చూసి నాణ్యం చెప్పే స్పర్శలో, ఉమ్మితో తడిపి అవిసె పోగును సన్నం చేసే వేళ్ళలో, ఇంకా పేనని పోగులో రాబోయే ముడిని పసిగట్టే చూపులో. వీటిని విడదీసి, అంకె వేసి, కింద పేర్చడానికి వీల్లేదు. ఒంటినే పనిముట్టు చేసుకున్న మనిషికి పనిముట్ల జాబితాలో చోటు దొరకదు. చోటు లేకపోయేసరికి, ఆమె చేసేది నైపుణ్యం కాదు, ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చే ఓపిక అన్న నిర్ణయం తేలిగ్గా వచ్చేస్తుంది. ఓపికకు నైపుణ్యానికిచ్చే కూలి ఎవరిస్తారు?

ఇది మూడువందల ఏళ్ళ కిందటి ఫ్రాన్సు సంగతి మాత్రమే కాదు. పోచంపల్లి చీర గురించి తెలిసిన మనకు ఆసు పోయడం తెలుసు. టై అండ్ డై నేతకు ముందు పట్టుపోగును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో పోస్తారు. ఒక చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఇది ఇంటి ఆడవాళ్ళ పని. భుజం పడిపోయేదాకా చేసిన తల్లి బాధ చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి తల్లి పేరు లక్ష్మి అని పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చేసింది గొప్ప పని. కానీ ఒకటి గమనించండి. తల్లి భుజమే యంత్రంగా ఉన్నన్నాళ్ళూ దానికి అంకె లేదు. ఆ కదలికను ఇనుములోకి మార్చాకనే లోకానికి అది ఒక సాంకేతిక ప్రక్రియగా కనబడింది. 2019-20 నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలోని 35.22 లక్షల చేనేత కార్మికుల్లో 25.46 లక్షల మంది స్త్రీలు. అయినా నేతపని అనగానే మనకు తట్టే బొమ్మ మగ్గం మీద కూర్చున్న మగవాడిది.

బొమ్మ ఒక లెక్క ఇంకొకటి అయినప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికి గుండుసూది కన్నా మంచి ఉదాహరణ లేదు.

ఎన్‌సైక్లోపెడీలో గుండుసూది తయారీ మీద దెలేర్ రాసిన వ్యాసం 1755లో వచ్చింది. తీగ సాగదీయడం మొదలుకొని కాగితానికి గుచ్చడం దాకా 18 దశలుగా ఆ పనిని విడదీశాడు. 1776లో ఆడమ్ స్మిత్ 'వెల్త్ ఆఫ్ నేషన్స్' మొదటి అధ్యాయంలో శ్రమవిభజనకు ఉదాహరణగా ఎంచుకున్నది గుండుసూదినే. అందులోనూ దాదాపు 18 దశలు. తాను చూసిన చిన్న కార్ఖానాలో పదిమంది మగవాళ్ళు కలిసి రోజుకు 48 వేల సూదులు చేయగలరని రాశాడు. గుండు పెట్టడం వేరే పని అనీ, సూదులను కాగితానికి గుచ్చడం కూడా ఒక ప్రత్యేక వృత్తే అనీ చెప్పాడు. ఫ్రాన్సులో ఆ గుచ్చే పని స్త్రీలది. కానీ స్మిత్ వాక్యంలో ఉన్నది పదిమంది పురుషులు. అర్థశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థి బుర్రలోకీ ఎక్కింది ఆ పదిమందే.

56 ఏళ్ళ తరవాత, 1832లో, చార్లెస్ బాబేజ్ యంత్రాల గురించీ పరిశ్రమల ఆర్థికం గురించీ రాసిన పుస్తకంలో ఇంగ్లండు గుండుసూదుల తయారీకి ఒక పట్టిక ఇచ్చాడు. అక్కడా పదిమందే. కానీ నలుగురు పురుషులు, నలుగురు స్త్రీలు, ఇద్దరు పిల్లలు. ఎవరికెంత కూలో కూడా రాశాడు. షిల్లింగుకు 12 పెన్నీలు అని గుర్తుపెట్టుకుని చూడండి. మొన తీసే పురుషుడికి రోజుకు 5 షిల్లింగుల 3 పెన్నీలు. గుండు పెట్టే స్త్రీకి 1 షిల్లింగు 3 పెన్నీలు. కాగితానికి గుచ్చే స్త్రీకి 1 షిల్లింగు 6 పెన్నీలు. తగరపు పూత దగ్గర పురుషుడు, స్త్రీ ఇద్దరూ ఉన్నారు. అతనికి 6 షిల్లింగులు, ఆమెకు 3.

ఇంకొక వరస ఉంది ఆ పట్టికలో, సమయానిది. ఒక పౌను సూదులు, అంటే 5,546 సూదులు తయారు కావడానికి మొత్తం 7.69 గంటలు పడుతుంది. అందులో గుండు పెట్టడానికే 4 గంటలు. కాగితానికి గుచ్చడానికి 2.13 గంటలు. ఈ రెండూ స్త్రీల పనులే. మొత్తం సమయంలో దాదాపు 80 శాతం.

ఈ అంకె చూశాక నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను. మన భాషలో ఆ వస్తువు పేరే గుండుసూది. గుండు లేకపోతే అది ఒట్టి తీగముక్క. దాన్ని గుండుసూది చేసేది ఆ రోజుకు షిల్లింగుంబావు స్త్రీ. పదిమంది పురుషుల కథ అంతా ఆమె మీద నిలబడి ఉంది.

బాబేజ్ ఆమెను లెక్కలోకి తెచ్చాడు. కాని ఎందుకు తెచ్చాడో కూడా చూడాలి. పనిని దశలుగా విడగొడితే ప్రతి దశకూ ఎంత నైపుణ్యం, ఎంత బలం అవసరమో అంతే కొనుక్కోవచ్చు, ఖరీదైన పనివాడి చేత చవక పని చేయించనక్కరలేదు అన్నది అతని వాదన. మొత్తం పనిని ఒక్క నిపుణుడే చేస్తే గుండు పెట్టే గంటలకు కూడా అతని కూలే ఇవ్వాలి. ఆ గంటలను స్త్రీకి అప్పగిస్తే ఖర్చు నాలుగోవంతు లోపే. అంటే స్త్రీ శ్రమ చవక అన్నది ఈ వాదనకు ఫలితం కాదు, పునాది. ఆమె పనికి నైపుణ్యం అక్కరలేదని ముందే ఒప్పేసుకున్నారు. పనిముట్ల జాబితాలో వేళ్ళకు అంకె లేకపోవడం దగ్గర మొదలైన ప్రయాణం ఈ కూలి పట్టిక దగ్గర తేలింది.

ఇందులో కుట్ర ఉందని నేననడం లేదు. పనివాళ్ళకు గౌరవం తేవాలన్న డిడెరో కోరిక నిజమైనది. స్త్రీలను చూసి గీసిన చిత్రకారుడు తన కళ్ళకు ద్రోహం చేయలేదు. బాబేజ్ పట్టికే లేకపోతే ఆ 80 శాతం మనకు తెలిసేది కాదు. కానీ నమోదు కావడం, గుర్తింపు పొందడం ఒకటి కావు. బొమ్మలోకి వచ్చిన స్త్రీకి వృత్తి పేరు దక్కలేదు. లెక్కలోకి వచ్చిన స్త్రీకి చవక అన్న విశేషణం దక్కింది. స్త్రీలను చరిత్రలోకి చేర్చడం అంటే ఖాళీగా ఉన్న చోట బొమ్మ అతికించడం కాదని ఈ ప్లేట్లు నాకు చెప్పాయి. నైపుణ్యం అనే మాటకు ఇన్నాళ్ళూ మనం ఒప్పుకున్న అర్థాన్నే మళ్ళీ తెరవాలి.

ఆ పని మన చేతుల్లోనే ఉంది. కండెలు చుట్టే, ఆసు పోసే, బీడీలు చుట్టే, చింతపండు గింజలు తీసే స్త్రీల గురించి రాసేటప్పుడు మనం వాళ్ళ కష్టాన్ని వర్ణిస్తాం, వాళ్ళ ఓర్పును మెచ్చుకుంటాం. వాళ్ళకేం తెలుసో, ఎలా తెలుసో అడిగి రాయడం తక్కువ. వేలు ఎక్కడ నొక్కుతుంది, ఎంత నొక్కుతుంది, తప్పు జరిగిందని కంటికన్నా ముందు చేతికి ఎలా తెలుస్తుంది, కొత్తగా వచ్చిన పిల్లకు అది ఎన్ని నెలల్లో పట్టుబడుతుంది? డిడెరో మనుషులు కార్ఖానాలకు వెళ్ళి పనిముట్లను కొలిచారు. మనం వెళ్ళినప్పుడు ఈ ప్రశ్నలు అడగాలి. సమాధానాలను కథలోనో, పరిశోధనలోనో, కూలి రేట్ల కోసం పెట్టే అర్జీలోనో రాయాలి.